కొండ కనబడట్లేదు... మంచా, పొగా?

ప్రశ్న: మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. డాబా ఎక్కితే రామతీర్థం కొండలు బాగా కనబడతాయి. ఈ చలికాలం పొద్దున్న తొమ్మిది దాటినా కొండ జాడే ఉండట్లేదు. ఫోన్‌లో చూస్తే మా ఊరి గాలి 160 అంటోంది, తమ్ముడు ఆన్‌లైన్లో తెప్పించిన చిన్న మీటరు 240 చూపిస్తోంది. అమ్మకు ఆయాసం, అందుకే టెన్షన్. దేన్ని నమ్మాలండీ? - ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: ముందు ఆ రెండూ పక్కన పెట్టి మధ్యాహ్నం రెండింటికి మళ్లీ డాబా ఎక్కండి. పొద్దుటిది వట్టి మంచే అయితే ఎండ ముదిరేసరికి విడిపోతుంది. రెండింటికి కూడా కొండ మసగ్గా, మట్టిరంగు తెర వెనకాల ఉన్నట్టుంటే అది పొగో దుమ్మో అనుకోవాలి, ఎందుకంటే నేల వేడెక్కి గాలి పైకి లేచి బాగా కలిసిపోయే వేళ అది, అప్పటికీ తెర తొలగలేదంటే గాలిలో సరుకు గట్టిగానే ఉన్నట్టు. చలికాలం రాత్రిళ్లు నేల దగ్గర గాలి చల్లబడిపోయి, పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. పొయ్యిల పొగ, చెత్త మంటలు, రోడ్డు దుమ్ము అంతా కిందే ఉండిపోతుంది. కాబట్టి పొద్దున్న మీరు చూసేది చాలాసార్లు రెండూ కలిసినదే.

ఇక ఫోన్ సంగతి. ఊళ్లో మీటరే లేకుండా దానికెలా తెలిసింది? ఉపగ్రహం పైనుంచి చూసిన మసక, వాతావరణ లెక్కలు, ఎక్కడో దూరాన ఉన్న స్టేషను అంకెలు, ఇలాంటివన్నీ కలిపి కంప్యూటరు వేసే అంచనా అది. ఉజ్జాయింపుకి పరవాలేదు గానీ, మీ వీధి చివర ఎవరో టైరు తగలబెడితే దానికి తెలీదు. పైగా అది ఏ దేశం లెక్కో చూసుకోండి. పీఎం 2.5 అంటే ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే సన్న నలుసులు, అవి ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములుంటే మన గాలి నాణ్యత సూచీ (అంకె పెరిగేకొద్దీ గాలి చెడ్డదన్నట్టు) 100 అంటుంది, అమెరికా సూచీ 150 దాటిస్తుంది. గాలి ఒకటే, భయం మాత్రం రెండు రకాలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్‌లో నిజంగా స్టేషన్ ఉన్న చోటే అంకె ఉంటుంది, అందుకే మీ పల్లె అందులో దొరకదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో విజయనగరం, శ్రీకాకుళం కూడా ఉన్నాయి, పట్టణాల లెక్కలో. పల్లె గాలి ఎలాగూ శుభ్రమే కదా అని ఎవరనుకున్నారో మరి!

తమ్ముడి మీటరు అబద్ధం చెప్పట్లేదు, దానికి తేడా తెలీదంతే. లోపల బుల్లి ఫ్యాను గాలి లాగుతుంది, లేజరు వెలుగు నలుసు మీద పడి చెదురుతుంది, ఆ చెదిరినదాన్ని బట్టి లెక్క కడుతుంది. మంచు తుంపర కూడా దానికి నలుసే. తేమ 80 శాతం దాటిన వేళ వచ్చే అంకెను పట్టించుకోకండి. చూరు కింద, ఎండా వానా తగలని చోట, వంటింటి పొగకు దూరంగా పెట్టి, రోజూ మధ్యాహ్నం ఒకే టైముకి చూసి, పాల లెక్క రాసే క్యాలెండర్ గడిలోనే అంకె, పక్కన ‘కొండ కనబడింది’, ‘లేదు’ అని రాయండి. ఒక్క రోజు అంకెతో ఏమీ తేలదు, నెల గడులు వరసగా చూస్తే తేలుతుంది. ఇంకో పని, కట్టెల పొయ్యి ఉంటే రాజేసేటప్పుడు మీటరు పక్కన పెట్టి చూడండి, నిమిషాల్లో అంకె ఎక్కడికి ఎగురుతుందో! అమ్మ ఆయాసానికి డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్లాలి, పొయ్యి సంగతి కూడా ఆయనకు చెప్పండి.

ప్రశ్న: మాది పలాస వైపు. జీడిపిక్కల తొక్క కాల్చిన పొగ రాత్రిళ్లు ఊరి మీద పడుతోంది. ఫొటో చూపిస్తే ‘అది మంచేనమ్మా’ అంటున్నారు. - ఒక పాఠకురాలు

జవాబు: మంచుకి ఘాటు ఉండదు కదమ్మా. జీడి తొక్కలో నూనె ఉంటుంది, అది మండితే కళ్లూ గొంతూ మండుతాయి. ఒక్క ఫొటో ఎవరూ ఒప్పుకోరు. ఒకే గుమ్మంలో నిలబడి, ఒకే వీధి దీపాన్ని పొగ లేని రాత్రి, ఉన్న రాత్రి తీయండి. కర్రకు గుడ్డ పీలిక కట్టి గాలి ఎటునుంచి వస్తోందో చూసి, టైముతో సహా పుస్తకంలో రాయండి, ఇరుగుపొరుగు చేత సంతకాలు పెట్టించండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు తమ పరికరంతో, మీరు రాసిన రాత్రి వేళకే రావాలని అర్జీలోనే అడగండి. మిట్టమధ్యాహ్నం వచ్చి చూస్తే వాళ్లకేం కనబడుతుంది?

ప్రశ్న: పొగా దుమ్మూ పోకుండా ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే చాలదా? - రాజాం నుంచి

జవాబు: రోడ్డు దుమ్ముకి కొంత పనికొస్తుంది, పొగ నలుసుకి కాదు. దానికి ఎన్95 మాస్కు, అదీ ముక్కు పక్కన సందు లేకుండా పెట్టుకుంటేనే.