టెక్ సందేహాలు: బోరు పారుతుంటే మూడు గంటల గ్యాప్ ఎక్కడిది?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. చీనీ తోటలో బోరు నీళ్లు కొలవడానికి 32 బిట్ లైనక్స్ బోర్డుకు ఫ్లో సెన్సర్ (నీళ్లు పారేకొద్దీ పల్స్‌లు పంపేది) పెట్టాను. కరెంటు పోయి వచ్చాక, మోటారు ఆడుతున్నా, ఒక పల్స్‌కూ ఇంకో పల్స్‌కూ మధ్య మూడు గంటలు చూపిస్తోంది. కొత్త కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) వేద్దామంటే సెన్సర్‌ను చదివే నా డ్రైవర్ కంపైల్ కావట్లేదు, అందులో టైము కోసం వాడిన డూ_గెట్‌టైమ్‌ఆఫ్‌డే ఫంక్షన్ లేదంటోంది. ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: సెన్సర్‌ను అనుమానించకండి. రెండు ఇబ్బందులకూ మూలం ఆ ఒక్క ఫంక్షనే.

ఉదయం 6కి కరెంటు పోయి 9కి వచ్చిందనుకోండి. గడియారానికి బ్యాటరీ లేని బోర్డు, చివరిసారి దాచుకున్న 6 గంటల నుంచే మొదలవుతుంది. 6:02:10కి ఒక పల్స్ పడింది. అంతలో నెట్ అంది, టైము 9:02:10 అయింది. అర సెకనులో వచ్చిన తర్వాతి పల్స్‌ను మీ కోడ్ మూడు గంటల తర్వాత వచ్చినట్టు లెక్కేసింది. టైమును వెనక్కి సరిచేస్తే మైనస్ కూడా వస్తుంది.

ఆ ఫంక్షన్‌ను 2019లో, కెర్నల్ 5.0లో తీసేశారు. 32 బిట్ బోర్డుల్లో అది సెకన్లను 32 బిట్లలోనే దాస్తుంది. 2038 జనవరి 19న, మన టైము ఉదయం 8:44:07 దాటగానే ఆ లెక్క 1901కి పడిపోతుంది. మీరు తోటలో పెట్టిన బోర్డు అప్పటికీ నడుస్తూ ఉండొచ్చు కదా!

దాని బదులు కేటైమ్_గెట్_రియల్_టీఎస్64 పెడితే చాలని చాలామంది చెబుతారు. కంపైల్ అవుతుంది, 2038 భయమూ పోతుంది. మూడు గంటల గ్యాప్ మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే అదీ గోడ గడియారమే, అంటే టైము సరిచేస్తే దానితోపాటు ఎగిరేదే. కెర్నల్ వాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే, ఏ గడియారం కావాలో ఫంక్షన్ పేరులోనే తేల్చుకునేలా చేశారు. మీకు కావాల్సింది కేటైమ్_గెట్. అది బోర్డు ఆన్ అయినప్పటి నుంచి ముందుకే నడుస్తుంది, తేదీ మార్చినా ఎగరదు. బోర్డును స్లీప్‌లో పెట్టే అలవాటుంటే ఆ టైమును అది లెక్కించదు, అప్పుడు కేటైమ్_గెట్_బూట్‌టైమ్ వాడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాతది మైక్రోసెకన్లు ఇచ్చేది, ఇది నానోసెకన్లు ఇస్తుంది. తేడాను మామూలు భాగహారంతో 1000తో భాగిస్తే 32 బిట్ బోర్డులో లింక్ ఎర్రర్ (కోడ్ ముక్కలను కలిపేటప్పుడు వచ్చే ఎర్రర్) రావచ్చు. రెండు టైముల తేడాను మైక్రోసెకన్లలోనే ఇచ్చే కేటైమ్_యూఎస్_డెల్టా వాడితే ఆ టెన్షన్ ఉండదు. లాగ్‌లో తేదీ రాయడానికి మాత్రం కేటైమ్_గెట్_రియల్_సెకండ్స్ ఉంచుకోండి.

అంతా అయ్యాక నెట్ టైము ఆపేసి, మోటారు ఆడుతుండగానే డేట్ కమాండ్‌తో టైమును ఒక గంట వెనక్కి తిప్పండి. రీడింగు తారుమారు కాకపోతే డ్రైవర్ బాగుపడినట్టే.