ముగింపు తెలిసినా రివెంజ్ ఆఫ్ ద సిత్ ఎందుకు చూడాలి?

స్టార్ వార్స్ పాత సినిమాలు మూడూ చూశానని, ప్రీక్వెల్స్‌లో, అంటే వాటికి ముందు జరిగిన కథతో తర్వాత తీసిన మూడింటిలో, మొదటి రెండూ విసుగు పుట్టించాయని అన్నారు. కథానాయకుడు అనాకిన్ చివరికి విలన్ డార్త్ వేడర్ అవుతాడని తెలిశాక మూడోదైన రివెంజ్ ఆఫ్ ద సిత్ చూడటంలో ఏముందని, పదకొండేళ్ల మీ అబ్బాయితో కలిసి చూడొచ్చా అని గుంటూరు నుంచి అడిగారు. తప్పకుండా చూడండి. మొదటి రెండూ నచ్చకపోయినా సరే చూడండి. స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్ చేతుల మీదుగా వచ్చిన ఆ ఆరింటిలో నేను మళ్లీ మళ్లీ చూసేది ఇదే. పిల్లాడి సంగతి చివర్లో చెబుతాను.

ముందు "ముగింపు తెలుసు కదా" అన్నదానికి జవాబు. మాది విజయవాడే అయినా అమ్మమ్మగారిది తెనాలి పక్క ఊరు. కురుక్షేత్రం నాటకం ఎక్కడ వేసినా మా తాతయ్య వెళ్లి కూర్చునేవాడు, సెలవులకు వెళితే నన్నూ వెంటబెట్టుకునేవాడు. కృష్ణ రాయబారం చెడిపోతుందని ఆ పందిట్లో తెలియని మనిషి ఉండడు. అయినా పద్యం ఎత్తుకోగానే జనం నిటారుగా కూర్చుంటారు, వన్స్‌మోర్ అంటారు. ఒకసారి అడిగాను, అన్నీ తెలిసి ఎందుకు తాతయ్యా అని. "ఈసారన్నా ఒప్పుకుంటాడేమోనని చిన్న ఆశరా" అన్నాడు. రివెంజ్ ఆఫ్ ద సిత్ చూసేటప్పుడు నాకు కలిగేది అచ్చంగా ఆ ఆశే. ఇక్కడ ఆగిపోతే బాగుండు, ఈ మాట తన గురువు ఓబీ-వాన్‌కి చెప్పేస్తే బాగుండు అనిపిస్తూనే ఉంటుంది. అనాకిన్ వేడర్ అవుతాడని మనకు 1980 నుంచీ తెలుసు. ఎలా అవుతాడన్నది మాత్రం 2005 మే 19న ఈ సినిమా వచ్చేదాకా చూడలేదు.

సినిమా మొదలే యుద్ధం మధ్యలో. నగరం పైన ఆకాశంలో రెండు చిన్న యుద్ధ విమానాలు పక్కపక్కనే దూసుకుపోతుంటే, కెమెరా వాటి వెంటే పోతుంది. గురుశిష్యులు అన్నదమ్ముల్లా కబుర్లాడుకుంటూ, ఒకరినొకరు కాపాడుకుంటూ వెళతారు. రెండో సినిమాలో ఎప్పుడూ సణుగుతూ కనిపించిన అనాకిన్ ఇక్కడ హుషారుగా, ప్రాణం పెట్టే మనిషిగా ఉంటాడు. ఆ ఇరవై నిమిషాల్లో అతని మీద ఇష్టం కలగకపోతే మిగతా సినిమా పని చేయదు. నాకైతే కలిగింది.

తర్వాత శత్రుపక్షం నాయకుడు డూకూతో పోరాటం. ఈ సీను బాగా గమనించండి. అనాకిన్ డూకూ రెండు చేతులూ నరికి, రెండు లైట్‌సేబర్లూ (వెలుగు కత్తులు) కత్తెరలా అతని మెడకి ఆనించి నిలబడతాడు. కుర్చీలో బందీగా ఉన్న రిపబ్లిక్ అధినేత, ఛాన్సలర్ పాల్పటీన్ "చంపెయ్" అంటాడు. ఆ క్షణంలో డూకూ, అంటే క్రిస్టొఫర్ లీ, తల తిప్పి పాల్పటీన్ వైపు చూస్తాడు. ఇన్నాళ్లూ తను కొలిచిన యజమానే తనని బలి ఇస్తున్నాడని అప్పుడే అర్థమైనవాడి చూపు అది. ఒక్క మాట ఉండదు. అనాకిన్ తటపటాయించి తల నరికేస్తాడు, వెంటనే "ఇలా చేసి ఉండకూడదు, ఇది జెడై పద్ధతి కాదు" అంటాడు. జెడైలంటే రిపబ్లిక్‌ని కాపాడే యోధులు, అనాకిన్, ఓబీ-వాన్ ఇద్దరూ వాళ్లలోవాళ్లే. "వాణ్ణి ప్రాణాలతో ఉంచడం మహా ప్రమాదం" అని పాల్పటీన్ సముదాయిస్తాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. సినిమా మధ్యలో జెడై గురువు మేస్ విండూ, పాల్పటీన్‌ని కింద పడేసి కత్తి ఎత్తినప్పుడు దాదాపు ఇదే మాట అంటాడు. అప్పుడు కూడా అనాకిన్ "ఇది జెడై పద్ధతి కాదు, విచారణ జరగాలి" అంటాడు. దుర్మార్గుడూ మంచివాడూ ఒకే మాట మాట్లాడుతుంటే, ఎవరిని నమ్మాలో తెలియక నలిగిపోయే కుర్రాడు అతను. డైలాగులు రాయడం లూకాస్‌కి రాదని అందరూ అంటారు, అది చాలావరకు నిజమే. కథని కట్టడం మాత్రం అతనికి బాగా వచ్చు. దానికి ఈ రెండు సీన్లే సాక్ష్యం.

ఇంజనీరింగ్ రోజుల్లో పటమటలో ఫ్రెండ్ రూములో కంప్యూటర్ మీద మొదటిసారి చూసినప్పుడు మా గోలంతా చివరి కత్తియుద్ధం గురించే. లావా నదుల మీద ఓబీ-వాన్, అనాకిన్ తలపడే ఆ ఫైటు నిజంగానే గొప్పది. ఇటలీలో ఎట్నా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు తీసిన ఫుటేజ్ కూడా అందులో కలిపారు. యూవన్ మెక్‌గ్రెగర్, హేడెన్ క్రిస్టెన్సన్ నెలల తరబడి ప్రాక్టీసు చేసి చాలావరకు సొంతంగా చేశారు. ఆ వేగం ముఖాల్లోనే తెలుస్తుంది. జాన్ విలియమ్స్ సంగీతంలో కోరస్ లేచేసరికి, ఇద్దరిలో ఎవరు గెలిచినా మనం ఓడినట్టే ఉంటుంది.

కానీ ఇప్పుడు నన్నడిగితే సినిమాకి గుండెకాయ ఆ ఫైటు కాదు. ఒపేరా సీను. ఇద్దరు మనుషులు పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకుంటారు, అంతే. ఎదురుగా నీటి బుడగల్లో ఏదో నాట్యం జరుగుతుంటుంది. పాల్పటీన్ పక్కనున్న వాళ్లను పంపించేసి అనాకిన్‌ని దగ్గర కూర్చోబెట్టుకుంటాడు. ఇష్టమైన వాళ్లను చావు నుంచి కాపాడే విద్య తెలిసిన ఒక సిత్ ప్రభువు కథ చెబుతాడు (సిత్‌లు జెడైల బద్ధశత్రువులు). గొంతు పెంచడు, తొందరపడడు. వెనక సంగీతం కూడా దాదాపు ఒక్క మంద్రస్వరంలో మూలుగుతున్నట్టే ఉంటుంది. ఆ విద్య నేర్చుకోవచ్చా అని అనాకిన్ అడిగితే, నెమ్మదిగా ముఖం తిప్పి "జెడై దగ్గర మాత్రం కాదు" అంటాడు. పాల్పటీన్‌గా ఇయాన్ మెక్‌డయర్మిడ్ నటన ఈ సినిమాలో అన్నిటికంటే పైన ఉంటుంది, అందులోనూ ఈ సీను శిఖరం. ఒక మనిషిని కొనేయడం ఎలాగో ఇంత ప్రశాంతంగా చూపించిన సినిమా నాకు ఇంకొకటి తెలియదు.

ఈ సీను నాకు పూర్తిగా ఎక్కింది పెళ్లయ్యాకే. అనాకిన్ భయం ఏమిటి? భార్య పురిట్లో చనిపోతున్నట్టు కలలు. కుర్రతనంలో అది నాకు కథ నడవడానికి పెట్టిన సాకులా అనిపించింది. మా ఆవిడ కాన్పు కష్టమైనప్పుడు సూర్యారావుపేటలో ఒక నర్సింగ్ హోమ్ కారిడార్లో రాత్రంతా నిలబడ్డాను. లోపలి నుంచి ఎవరూ బయటికి రారు, వచ్చినవాళ్లు సరిగ్గా చెప్పరు. సంతకం పెట్టమని కాగితం ఇస్తే చదవకుండానే పెట్టేశాను. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. ఆ తర్వాత ఈ సినిమా చూస్తే అనాకిన్ మీద కోపం రాలేదు. ఆ రాత్రి నా దగ్గరికి ఎవరైనా వచ్చి "ఇదొక్కటి చెయ్, ఆమెకేం కాదు" అని ఉంటే ఏమిటి, ఎందుకు అని నేను అడిగేవాణ్ణి కాదు.

జెడై పెద్దల తప్పు కూడా సినిమా దాచదు. నాకు అది చాలా నచ్చింది. అనాకిన్ కలల సంగతి జెడైలలో పెద్దవాడైన యోడాకి చెప్పుకుంటాడు, ఎవరి గురించో మాత్రం చెప్పలేడు, ఎందుకంటే పెళ్లే రహస్యం. పోగొట్టుకుంటానని భయపడే ప్రతిదాన్నీ వదులుకోవడం నేర్చుకో అంటాడు యోడా. మాట గొప్పదే. కానీ భార్య కడుపుతో ఉన్నవాడికి దాంతో ఏం ఒరుగుతుంది? అదే రోజుల్లో జెడై పెద్దల కౌన్సిల్‌లో సీటిచ్చి మాస్టర్ హోదా ఇవ్వరు. పైగా తండ్రిలా చూసుకునే ఛాన్సలర్ మీదే నిఘా పెట్టమంటారు. ఒకవైపు ఇన్ని షరతులు, ఇంకోవైపు భుజం మీద చెయ్యేసి "నీ బాధ నాకు తెలుసు" అనే ముసలాయన. ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

ఇక బేరం కుదిరిన క్షణం చూడండి. అనాకిన్ అడ్డుపడి విండూ చెయ్యి నరకడంతో విండూ చచ్చిపోతాడు, అనాకిన్ మోకాళ్ల మీద కూలబడి తన భార్య పద్మేని కాపాడితే చాలు అంటాడు. అప్పుడు పాల్పటీన్ తాపీగా చెప్పేదేమిటంటే, చావుని గెలిచినవాడు ఇంతవరకు ఒక్కడే, మనిద్దరం కలిసి వెతికితే ఆ రహస్యం దొరుకుతుంది అని. అంటే అమ్మిన సరుకు అతని దగ్గర లేనేలేదు! మొదటిసారి చూసినప్పుడు ఈ మాట చాలామంది చెవిన పడదు. అనాకిన్ విన్నాడు, కానీ అప్పటికే వెనక్కి దారి లేదు.

జెడైలని చంపమని సైనికులకు వచ్చే ఆజ్ఞ, ఆర్డర్ 66 గురించి ఎక్కువ చెప్పను, చూడాలి. ఒక్క చిన్న ముక్క చెబుతాను. పోగొట్టుకున్న లైట్‌సేబర్‌ని సైనికాధికారి కోడీ మర్యాదగా ఓబీ-వాన్ చేతికిస్తాడు, ఇద్దరూ స్నేహంగా రెండు మాటలు మాట్లాడుకుంటారు. కాసేపట్లోనే ఆజ్ఞ వస్తుంది. అదే కోడీ ఓబీ-వాన్ మీద ఫిరంగి పేల్పిస్తాడు. యుద్ధభూమిలో వెన్నంటి నడిచిన సైనికులే జెడైలని కాల్చేస్తుంటే, శబ్దాలు తగ్గి సంగీతం ఒక్కటే ఏడుస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. పద్మేకి జరిగింది నిజంగా అన్యాయం. మొదటి సినిమాలో సింహాసనం మీద కూర్చున్న రాణి, రెండోదాంట్లో తుపాకీ పట్టిన సెనేటరు, ఇందులో గదిలో కూర్చుని భర్త కోసం ఎదురుచూసే మనిషి అయిపోయింది. పాల్పటీన్‌కి ఎదురుగా ఆమె మరికొందరు సెనేటర్లతో కలిసి గట్టిగా నిలబడ్డ సీన్లు తీశారు కూడా. ఎడిటింగ్‌లో తీసేశారు, డీవీడీలో తొలగించిన సీన్లుగా ఉంచారు. వాటిని ఉంచి శత్రు సేనాని గ్రీవస్ వెంటపడే ఛేజింగ్ తగ్గించాల్సింది. చివర్లో ఆమెకు ఒంట్లో ఏ జబ్బూ లేదు, బతకాలన్న ఆశ పోయింది అని మెడికల్ రోబో తేల్చేస్తుంది. అప్పుడే ఇద్దరు పిల్లల్ని కన్న తల్లి, అంత పోరాడిన మనిషి అలా వెళ్లిపోతుందంటే నేను ఒప్పుకోను. పైగా 1983 నాటి సినిమాలో ఆ పిల్లల్లో ఒకరైన లేయా తన అమ్మ కొద్దికొద్దిగా గుర్తుందని చెబుతుంది, దానికీ దీనికీ పొంతన కుదరదు. భార్యాభర్తల మధ్య ప్రేమ డైలాగులు చప్పగా ఉంటాయి. కానీ మాటలు లేని చోట అదే జంట బాగుంటుంది. సాయంత్రం వేళ అతను కౌన్సిల్ గదిలో, ఆమె తన ఇంట్లో, నగరానికి చెరో చివర నిలబడి ఒకరి వైపు ఒకరు చూస్తుంటారు. ఆ నిమిషంలో హేడెన్ కన్నీళ్లు చూశాక అతనికి నటన రాదన్నవాళ్లతో నేను వాదనకి దిగుతాను.

సెనేట్ సీను ఒకటుంది. రిపబ్లిక్ పోయి సామ్రాజ్యం వచ్చిందని పాల్పటీన్ ప్రకటిస్తే సభ అంతా చప్పట్లు కొడుతుంది. స్వేచ్ఛ ఇలా చప్పట్ల మధ్య చచ్చిపోతుందన్నమాట అంటుంది పద్మే. సినిమాలో ఆమెకు దక్కిన ఒకే ఒక్క గొప్ప మాట అది.

మీ అబ్బాయి సంగతి. స్టార్ వార్స్‌లో అమెరికాలో పీజీ-13 రేటింగ్ (పదమూడేళ్ల లోపు పిల్లలకు కొన్ని సీన్లు తగకపోవచ్చన్న హెచ్చరిక) వచ్చిన మొదటి సినిమా ఇదే, దానికి కారణం ఉంది. జెడై ఆలయంలో చిన్నపిల్లలు దాక్కున్న గదిలోకి అనాకిన్ వస్తాడు. ఒక పిల్లాడు నమ్మకంగా దగ్గరికొచ్చి ఇప్పుడేం చేద్దాం మాస్టర్ అంటాడు, అనాకిన్ కత్తి వెలుగుతుంది. చంపడం చూపించరు, అర్థం మాత్రం అవుతుంది. చివర్లో కాళ్లు తెగిపడి ఒళ్లంతా మంటలంటుకున్న మనిషిని చాలాసేపు చూపిస్తారు. మా అమ్మాయికి పదమూడు వచ్చేదాకా నేను చూపించలేదు. పదకొండేళ్లంటే పిల్లాణ్ణి బట్టి ఉంటుంది. ముందు మీరొక్కరే చూసి, తర్వాత పక్కన కూర్చుని చూపించండి. ఒంటరిగా మాత్రం వదలొద్దు.

సినిమా నిడివి 140 నిమిషాలు. ఫోన్లో చూడకండి, టీవీలో చూడండి, సౌండ్ కాస్త పెంచుకోండి. ముఖ్యంగా నల్ల ముసుగు ముఖం మీదికి దిగేటప్పుడు కెమెరా లోపలి వైపు నుంచి చూస్తుంది, ఆ తర్వాత మొదటి శ్వాస వినపడుతుంది. అది స్పీకర్లలో వినాలి. నచ్చితే ఆ తర్వాత ద క్లోన్ వార్స్ యానిమేషన్ సిరీస్ పట్టుకోండి. ఏడు సీజన్లు ఉన్నాయి, 2020లో అయిపోయింది. చివరి నాలుగు ఎపిసోడ్లు సరిగ్గా ఈ సినిమా జరుగుతున్న రోజుల్లోనే వేరే చోట నడుస్తాయి. అనాకిన్ ఎంత మంచి స్నేహితుడో, ఎంత మంచి గురువో అందులోనే తీరిగ్గా తెలుస్తుంది. అది మీ అబ్బాయికి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, తొలి సీజన్లు పిల్లలకి బాగా నచ్చుతాయి. చూశాక ఒపేరా సీను గురించి మీకేమనిపించిందో రాయండి.