స్పైకింగ్ నెట్‌వర్క్‌కి కరెంటు ఎందుకు ఎక్కువ అవుతోంది – సమాధానం

మీ స్పైకింగ్ నెట్‌వర్క్ (న్యూరాన్లు అప్పుడప్పుడు మాత్రమే స్పైక్, అంటే చిన్న సిగ్నల్, పంపే న్యూరల్ నెట్‌వర్క్) మామూలు నెట్‌వర్క్ కన్నా ఎక్కువ కరెంటు ఎందుకు తాగుతోందని అడిగారు. కారణం మీ మోడల్ కాదు, దాన్ని నడిపే గ్రాఫిక్స్ చిప్పు, జీపీయూ. పర్లాకిమిడిలో ఇంటి ప్లగ్గుకి మీటరు పెట్టి కొలిచానన్నారు కదా, స్పైక్ రాని న్యూరాన్‌కి కూడా జీపీయూ లెక్క కడుతుంది, అదీ ప్రతి టైమ్ స్టెప్‌లోనూ (లెక్క నడిచే ఒక్కో చిన్న కాలపు అడుగులోనూ). ఆ రీడింగ్ థీసిస్‌లో పెట్టకండి.

1. మీటరు తీసేసి స్పైకులు లెక్కపెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఒక ఇన్‌పుట్‌కి, టైమ్ స్టెప్పులన్నీ కలిపి, ఒక్కో న్యూరాన్ సగటున ఎన్ని స్పైకులు ఇస్తోంది? మామూలు నెట్‌వర్క్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక గుణకారం, ఒక కూడిక; స్పైకింగ్‌లో ఒక్కో స్పైకుకి ఉత్త కూడికే. 45 నానోమీటర్ల చిప్పులో 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) గుణకారం, కూడిక కలిపితే ఖర్చయ్యే శక్తి సుమారు 4.6 పికోజౌళ్లు, ఉత్త కూడిక 0.9. సగటు 5 దాటిందంటే లాభం పోయినట్టే.

3. దాటితే, లాస్‌లో (ట్రెయినింగ్ తగ్గించాలని చూసే తప్పుల లెక్కలో) స్పైకుల మీద పెనాల్టీ కలిపి మళ్లీ ట్రెయిన్ చేయండి.

4. మెమరీ ఖర్చు విడిగా చూపండి. గైడ్ ముందు అడిగేది అదే. చిప్పు బయటి మెమరీ (డీర్యామ్) నుంచి ఒక వెయిట్ (కనెక్షన్ బలం చెప్పే సంఖ్య) తేవడం కూడిక కన్నా వందల రెట్లు ఖరీదు.