సిగ్నల్ దగ్గర స్లో పడిపోతే డైనమో మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాత పెట్రోల్ కారు, సిగ్నల్ దగ్గర ఆగగానే స్లో (ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, అంటే ఐడిల్) పడిపోయి వణుకుతోంది, హెడ్‌లైట్లు డిమ్ అవుతున్నాయి, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చిన మీటర్ 12.3 వోల్టులు చూపిస్తోంది, మెకానిక్ బ్యాటరీని చార్జ్ చేసే డైనమో మార్చేయమంటున్నాడు. మార్చకండి. కొలవకుండా మాత్రం అస్సలు మార్చకండి.

ముందు ఆ సాకెట్ మీటర్ తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ నుంచి అక్కడికి కరెంటు రావాలంటే ఫ్యూజులు, ఇగ్నిషన్ స్విచ్, సన్నటి వైర్లు అన్నీ దాటాలి. దారిలోనే కొంత వోల్టేజ్ పోతుంది. మూడు నాలుగు వందలు పెడితే ఎలక్ట్రికల్ షాపులో మల్టీమీటర్ దొరుకుతుంది. కారు ఉన్నవాళ్ల ఇంట్లో జాకీ తర్వాత ఉండాల్సిన వస్తువు అదేనని నా గట్టి నమ్మకం. సీట్ కవర్లకి వేలకి వేలు పోసేవాళ్లు దీనికి మాత్రం వెనకాడతారు, ఎందుకో!

మా బావమరిది కారు సంగతి చెప్తాను, మీది అచ్చం అలాగే ఉంది. మేముండేది విజయవాడ. ఏసీ వేసుకుని బెంజి సర్కిల్ దగ్గర ఆగామంటే ఇంజిన్ వేగం చూపే ముల్లు నిమిషానికి 500 చుట్లకి జారేది, డాష్‌బోర్డు మీద స్టీరింగ్ లైటు వెలిగేది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయేది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ కదా, వోల్టేజ్ పడిపోతే మొదట చేతులెత్తేసేది అదే. పొద్దున్నే సెల్ఫ్ కూడా బద్ధకంగా తిరిగేది. బ్యాటరీ షాపువాడు చూసి, బ్యాటరీ పోయిందని కొత్తది అంటగట్టాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. ఈసారి ఇంకొకడు డైనమో పోయిందన్నాడు. అదీ మారింది. అప్పుడొచ్చాడు నా దగ్గరికి, "బావా, ఇంక మార్చడానికి ఏం మిగల్లేదు, కారే మార్చెయ్యాలేమో" అంటూ.

బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైట్లూ బ్లోయరూ వేయించి, మీటరు బ్యాటరీ మీద పెట్టాను. 12.5. ఆరోగ్యంగా ఉన్న కారైతే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. "రేస్ ఇవ్వరా" అన్నాను, 2000 దాకా ఇచ్చాడు. 12.6. అంతే, కదల్లేదు. ఆ ఒక్క అంకెతో సగం కేసు తేలిపోయింది. స్లో తక్కువై డైనమో నెమ్మదిగా తిరగడం వల్లే చార్జింగ్ పడుతుంటే, రేస్ ఇవ్వగానే 14కి ఎగబాకాలి. ఎక్కలేదంటే స్లోకి ముందే ఇంకేదో తేడా ఉన్నట్టు.

ఆ తర్వాత మీటరు తీసుకెళ్లి నేరుగా డైనమో మీదే పెట్టాను. ఎరుపు వైరు డైనమో వెనక లావు బోల్టు మీద, నలుపు దాని బాడీ మీద. 14.1. డైనమో భేషుగ్గా పని చేస్తోంది! పుట్టిన 14.1లో బ్యాటరీకి చేరేది 12.5 అయితే మిగతా 1.6 ఎక్కడ పోతోంది? డైనమో బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య చూస్తే 0.1, పర్లేదు. డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య పెడితే 1.5. అక్కడ 0.2 దాటిందంటేనే అనుమానించాలి.

ఎర్త్ వైరు, అంటే ఇంజిన్‌ని బ్యాటరీ మైనస్‌కి కలిపేది. బ్యాటరీ ట్రే కింద, గేర్‌బాక్స్‌కి బిగించే అల్లిక రాగి పట్టీ. పైనుంచి చూస్తే బాగానే ఉంది, బోల్టు కూడా గట్టిగానే ఉంది. కానీ వేలు పెట్టి చూస్తే చివర కాలుతోంది. ఇంజిన్ ఆపి విప్పాను. క్లిప్పు లోపలంతా పచ్చటి చిలుము, పాత బ్యాటరీ యాసిడ్ ఏళ్ల తరబడి దాని మీద కారినట్టుంది. కాస్త లాగితే రాగి పోగులు పుల్లల్లా ఊడి చేతిలోకొచ్చాయి. పొద్దున సెల్ఫ్ బద్ధకించింది కూడా ఇందుకే. సెల్ఫ్ లాగే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు కూడా ఆ పట్టీ మీదుగానే బ్యాటరీకి తిరిగి రావాలి మరి. ఆటోనగర్‌లో కొత్త పట్టీ కొని, బోల్టు కింద పెయింటూ తుప్పూ మెరిసేదాకా గీకి బిగిస్తే, బ్యాటరీ మీద 14.0 వచ్చింది. కొత్త బ్యాటరీ ధరలో పది శాతం కూడా అవ్వలేదు. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసిన పాత డైనమో ఈపాటికి ఇంకెవరి కార్లోనో హాయిగా చార్జ్ చేస్తుంటుంది.

వోల్టేజ్ సరిపోయాక కూడా ఏసీ వేస్తే స్లో కొంచెం తగ్గేది. అది వేరే జబ్బు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ విప్పితే అంచు చుట్టూ నల్లటి మడ్డి. డైనమో మీద లోడు పడ్డప్పుడల్లా ఇంజిన్ మీదా పడుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) కాస్త ఎక్కువ గాలి పంపాలి. దారి మడ్డితో పూడుకుపోతే ఎలా పంపుతుంది? పైగా బ్యాటరీ మార్చినప్పుడు చాలా కార్లలో ఈసీయూ నేర్చుకున్న స్లో లెక్కలు చెరిగిపోతాయి. క్లీనర్ కొట్టి తుడిచి, ఐడిల్ మళ్లీ నేర్పించాక ఏసీతో కూడా 850 దగ్గర నిలబడింది.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి. కొందరు మెకానిక్‌లు ఇంత పని ఎందుకని స్క్రూడ్రైవర్ తీసుకుని థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పేసి "స్లో పెంచాను సార్" అంటారు. ఆ స్క్రూ ఫ్యాక్టరీలో సెట్ చేసి వదిలేసింది, కార్బురేటర్ రోజుల నాటి స్క్రూ కాదది. దాన్ని కదిపితే థ్రాటిల్ ఎక్కడ మూసుకుందో ఈసీయూకి లెక్క తప్పుతుంది. ఇంకో ఘనకార్యం, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "చూడండి, ఆగిపోలేదు, డైనమో బాగుంది" అనడం. ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ కాలిపోవచ్చు. అంబాసిడర్ల కాలంలో చెల్లింది. మీ కారు మీద ఎవరైనా చెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

మీ విషయానికొస్తే, రేస్ ఇచ్చినప్పుడు బ్యాటరీ మీద 14 వస్తోందనుకోండి, మొదట థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు చూడండి. డైనమోని తిప్పే బెల్ట్ కూడా చూడండి. నిగనిగలాడుతూ గట్టిపడిపోయి, స్టార్ట్ చేయగానే కీచుమంటుంటే జారుతోందన్నమాటే. రేస్ ఇచ్చినా 14 రాకపోతే నేను చెప్పిన రెండు చోట్లా (డైనమో బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య, డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య), లైట్లు వేసే ఉంచి, కొలవండి. రెండు చోట్లా 0.2 లోపే ఉండి, డైనమో మీదే 13 కూడా రాకపోతే అప్పుడు డైనమో విప్పించండి. అప్పుడు కూడా కొత్తది కొనక్కర్లేదు, చాలాసార్లు కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడమో కటౌట్ (వోల్టేజ్‌ని అదుపు చేసే భాగం) పోవడమో అయ్యుంటుంది. తాళం తిప్పినప్పుడు డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలుగుతోందా లేదా కూడా చూడండి. కొన్ని పాత కార్లలో ఆ బల్బు మాడిపోతే, గట్టిగా రేస్ ఇచ్చేదాకా డైనమో అసలు పనే మొదలుపెట్టదు.

కారు కొత్త మోడల్ అయితే మాత్రం ఈ అంకెలు పట్టుకుని కంగారు పడకండి. ఇంధనం ఆదా కోసం చార్జింగ్‌ని ఈసీయూనే కావాలని తగ్గించే కార్లున్నాయి, వాటిల్లో 12.8 కనిపించినా మామూలే. మీ కారు ఏ సంవత్సరందో, స్లోలో ఒకటి, 2000 దగ్గర ఒకటి బ్యాటరీ మీద రీడింగులు తీసి కామెంట్లో పెట్టండి, చూసి చెప్తాను.