రష్యా డాన్సర్ మాయా ప్లిసెత్స్కయా అంత గొప్ప బాలేరినా ఎలా అయ్యారు? చచ్చిపోయే హంసగా ఆడే ‘డయింగ్ స్వాన్’లో చేతులు ఊపడమే కదా?

చేతులు ఊపడమే, నిజమే. ఆ మూడు నాలుగు నిమిషాల్లో ఆవిడ ఎగరదు, గిర్రున తిరగదు. మునివేళ్ల మీద నిలబడి చిన్న చిన్న అడుగులతో స్టేజీ అంతా జారుతుంది, చివర్లో కింద వాలిపోతుంది. యూట్యూబ్‌లో అది చూసి మీకు ఈ ప్రశ్న రావడంలో వింతేం లేదు. అదే వీడియో ఇంకోసారి పెట్టి, ఈసారి వేళ్లు వదిలేసి మోచేతుల్ని చూడండి.

నేను చిన్నప్పుడు కొన్నేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను, తర్వాత మెడిసిన్ చదవడానికి మాస్కో వెళ్లాను. నేను చెప్పేదంతా ఆ రెండు కళ్లతో చూసిందే. మన నాట్యంలో చెయ్యంటే ముద్ర. పతాకం పడితే ఒక అర్థం, మృగశీర్షం పడితే ఇంకోటి. ‘యతో హస్తస్తతో దృష్టిః’ అని మొదట్లోనే బట్టీ పట్టిస్తారు, చెయ్యి ఎటుపోతే చూపు అటు పోవాలి. ప్లిసెత్స్కయా హంస మాత్రం వీపు మనవైపు పెట్టి స్టేజీ మీదికి వస్తుంది. ముఖమే కనపడదు, ఇక చూపు ఎక్కడిది? కదలిక భుజం రెక్కల దగ్గర పుట్టి, భుజానికి, మోచేతికి, మణికట్టుకి పాకి, అన్నిటికన్నా ఆఖర్న వేళ్లకి చేరుతుంది. మోచెయ్యి అప్పుడే పైకి లేస్తుంటే మణికట్టు ఇంకా కిందికే వంగి ఉంటుంది. మధ్యలో ఎముకంటూ ఉందా అనిపిస్తుంది. అనాటమీ పరీక్ష పాసయ్యాక కూడా ఆ భుజం నాకు అంతుపట్టలేదు.

మా హాస్టల్ గేటు దగ్గర డ్యూటీలో ఉండే మామ్మగారు ఒకావిడ కుర్రతనంలో మాస్కోలోని పేరుమోసిన బాలే, ఆపెరా థియేటర్ బల్షోయ్ పైగ్యాలరీలో నిలబడి ప్లిసెత్స్కయాని చూశారట. నేను డాన్స్ నేర్చుకున్నానని తెలిశాక, టీ గ్లాసు పక్కన పెట్టి, కీళ్ల నొప్పుల చేతులు వెనక్కి చాపి చూపించారు. సగంలోనే ఆగిపోయి “ఇక రాదమ్మాయ్, ఇది ఇక్కణ్ణుంచి రావాలి” అని వీపు మధ్యలో తట్టుకున్నారు. నాకు దొరికిన మొదటి బాలే పాఠం అదే.

ఆ నాట్యం ఆవిడ కోసం కట్టింది కాదు. ఫ్రెంచ్ సంగీతకర్త సాఁ-సాఁస్ చెల్లో సంగీతానికి మిఖాయిల్ ఫోకిన్ అనే నాట్యకర్త 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆన్నా పావ్లోవా అనే బాలేరినా కోసం కూర్చాడు. పావ్లోవా పాత ఫిల్ము ముక్కలు దొరుకుతాయి, పక్కపక్కన పెట్టి చూడండి. పావ్లోవా హంస మెల్లగా ఆరిపోతుంది. ప్లిసెత్స్కయా హంస చావుకి ఒప్పుకోదు, ఆఖరి క్షణం దాకా పెనుగులాడుతుంది. జనం వన్స్‌మోర్ కొడితే మళ్లీ వచ్చి ఆడేది, అదీ మొదటిసారి ఆడినట్టు ఉండేది కాదట.

ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడ బతుకు చూస్తే కొంత తెలుస్తుంది. పుట్టింది 1925 నవంబర్ 20న, మాస్కోలో. తండ్రి మిఖాయిల్ ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవిలో సోవియట్ బొగ్గు గనులు చూసుకునే అధికారి. 1937లో మే డే పండగ ముందు స్టాలిన్ పోలీసులు ఆయన్ని పట్టుకుపోయారు, 1938 జనవరిలో కాల్చేశారు. తల్లి రహీల్ మూకీ సినిమాల నటి. ఆవిణ్ణీ చంటిపిల్లాడితో సహా అరెస్టు చేసి, కజకస్తాన్‌లో ‘ద్రోహుల’ భార్యల కోసం పెట్టిన క్యాంపుకి పంపారు. అప్పటికి మాయాకి 12 ఏళ్లు. అనాథాశ్రమానికి పోవాల్సిన పిల్లని పిన్ని సులమీఫ్ మెస్సెరెర్ తన దగ్గర పెట్టుకుంది. ఆవిడా బల్షోయ్ డాన్సరే, మేనమామ ఆసాఫ్ కూడా అక్కడివాడే. ‘డయింగ్ స్వాన్’ని మాయాకి మొదట చేయించింది ఈ పిన్నే.

1943లో బల్షోయ్‌లో చేరింది. 1949 డిసెంబర్‌లో స్టాలిన్ 70వ పుట్టినరోజు కచేరీలో ఆడింది, అతిథుల్లో మావో కూడా ఉన్నాడు. నాన్నని చంపిన ప్రభుత్వానికి పెద్ద ఎవరో, ఆయన ముందే ఆడాలి మరి. విదేశీ పెద్దమనిషి ఎవరొచ్చినా సాయంత్రానికి హంసల కథ ఉన్న ‘స్వాన్ లేక్’ బాలేకి తీసుకెళ్లేవారు, అందులో ఈవిడే ఉండేది. 30 ఏళ్లలో ఆ ఒక్క బాలేనే 800 సార్లకు పైగా ఆడిందంటారు.

అలా చూపించుకున్నారు గానీ దేశం దాటనివ్వడానికి మాత్రం భయపడ్డారు. 1953-54 చలికాలంలో సోవియట్ కళాకారుల బృందంతో మన దేశానికి రానిచ్చారు గానీ, 1956లో బల్షోయ్ మొదటిసారి లండన్ వెళ్తే ఈవిణ్ణి మాస్కోలోనే వదిలేశారు. తండ్రి ‘ద్రోహి’, అమెరికాలో బంధువులు, పైగా నోరు ఊరుకోదు. థియేటర్‌లో మిగిలినవాళ్లతో ‘స్వాన్ లేక్’ పెట్టి ఆడితే హాలు దద్దరిల్లింది. నాకైతే ఆవిడ కెరీర్‌లో అసలైన రాత్రి అదే అనిపిస్తుంది. చివరికి సోవియట్ అధినేత క్రుష్చేవ్ ఒప్పుకున్నాక 1959లో అమెరికా వెళ్లింది. తర్వాత నురేయెవ్ లాంటి సోవియట్ డాన్సర్లు బయటే ఉండిపోయినా ఈవిడ మాత్రం ప్రతిసారీ తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని జీవితాంతం అడుగుతూనే ఉన్నారు.

ఇక ‘కార్మెన్ సూట్’. దీని గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. హంసలతో విసిగిపోయి, ఆపెరాలో తన ఇష్టప్రకారం బతికే జిప్సీ పిల్ల కార్మెన్ కావాలనుకుంది. సంగీతం రాయమని పేరున్న సోవియట్ సంగీతకర్తలు షొస్తకోవిచ్‌ని అడిగింది, ఖచతుర్యాన్‌ని అడిగింది. ఫ్రెంచ్ సంగీతకర్త బిజే రాసిన ఆ ఆపెరా జోలికి వెళ్లడానికి ఇద్దరూ వెనకాడారు. చివరికి సంగీతకర్తే అయిన భర్త రొదియోన్ షెద్రిన్ బిజే బాణీల్నే తీసుకుని ఊదే వాద్యాలన్నీ పక్కన పెట్టేశాడు. తీగ వాద్యాలు, తాళవాద్యాలు, అంతే. క్యూబా నుంచి వచ్చిన అల్బెర్తో అలోన్సో నాట్యం కూర్చాడు. 1967 ఏప్రిల్ 20న మొదటి ప్రదర్శన. సాంస్కృతిక మంత్రి ఫుర్త్సెవాకి ఒళ్లు మండింది, బల్షోయ్‌లో ఈ వేషాలేమిటని. షొస్తకోవిచ్ అండగా మాట్లాడాడు, నాట్యం బతికింది. పాత బాలే కాలు సాఫీగా సాగి ఆగుతుంది, కార్మెన్ కాలు నేలని పొడుస్తుంది. తుంటి కదలిక చూస్తే మంత్రిగారి టెన్షన్ నాకు అర్థమవుతుంది.

మాస్కోలో బల్షోయ్‌కి దగ్గర్లోనే బల్షాయా ద్మీత్రోవ్కా వీధిలో ఇప్పుడు ఆవిడ పేరున చిన్న పార్కు ఉంది. 2016లో అక్కడ పెట్టిన విగ్రహం హంసది కాదు, కార్మెన్‌ది. పక్క గోడ మీద కోబ్రా అనే బ్రెజిల్ చిత్రకారుడు హంస వేషంలో ఆవిణ్ణి గీసిన రంగురంగుల బొమ్మ ఉంటుంది. రెండూ ఒకే ఫోటోలో పట్టాలంటే రోడ్డుకి అవతలి వైపు నిలబడాలి.

65 ఏళ్లకి బల్షోయ్ వదిలినా ఆడటం మానలేదు, 2015 మే 2న మ్యూనిక్‌లో పోయేనాటికి 89.

మీరు ‘డయింగ్ స్వాన్’ ఒక్కటే చూసి తేల్చకండి. ‘డాన్ కిహోతె’ బాలేలో ఆవిడ ఎగిరే క్లిప్ వెతకండి, గాలిలో వీపు వెనక్కి విరిచి వెనక కాలిని తల దాకా తెస్తుంది. తర్వాత 1969లో తీసిన ‘కార్మెన్ సూట్’ సినిమా పెట్టండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే ఆ డప్పుల దెబ్బలు బాగా తెలుస్తాయి.