మేకల్లో దురద, గజ్జి మళ్లీ మళ్లీ వస్తోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మా మందలో 20 మేకలున్నాయి. నాలుగింటికి చెవులు, మూతి చుట్టూ వెంట్రుకలు రాలి పక్కులు కడుతున్నాయి. మేత మానేసి గోడకు రుద్దుకుంటున్నాయి. ఆ నాలుగింటికీ ఇంజెక్షన్ వేయిస్తే తగ్గింది, నెల తిరగకుండానే మళ్లీ మొదలైంది. ఇంజన్ ఆయిల్ పూసినా లాభం లేదు. ఇప్పుడు నా చేతులకూ దురదగా ఉంది. పరిష్కారం చెప్పండి.

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది గజ్జి అనిపిస్తోంది. కంటికి కనిపించని పురుగులు చర్మంలో సొరంగాలు చేసి గుడ్లు పెడతాయి. దాంతో చర్మం మందమై ముడతలు పడుతుంది. అయితే తామర, పేలు, పోషక లోపాల వల్ల కూడా వెంట్రుకలు రాలతాయి. అందుకే ముందు పశువైద్యుడి చేత పక్కు అంచున, కొద్దిగా రక్తం చెమర్చేదాకా చర్మాన్ని గీకించి మైక్రోస్కోప్ కింద పరీక్ష చేయించండి. ఒకసారి పురుగు కనిపించకపోయినంత మాత్రాన గజ్జి కాదని వదిలేయకండి.

మీరు వాడిన మందులో లోపం ఉందనుకోను. ఇంజెక్షన్ పురుగులను చంపుతుంది కానీ గుడ్లను చంపలేదు. గుడ్లు 3 నుంచి 5 రోజుల్లో పగులుతాయి, ఆ పిల్లలు రెండు మూడు వారాల్లో పెద్దవై మళ్లీ గుడ్లు పెడతాయి. పైగా బాగున్నట్టు కనిపించే మిగతా 16 మేకల్లో కూడా పురుగులు ఉండొచ్చు. కాబట్టి ఒకే రోజున మంద మొత్తానికి వైద్యం చేయించి, 14 రోజుల తర్వాత రెండో డోసు తప్పనిసరిగా వేయించండి. మొదటి డోసుతోనే పక్కులు రాలిపోతాయి, అక్కడే చాలామంది ఆపేస్తారు.

ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్ 50 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు చొప్పున, అంటే 25 కిలోల మేకకు అర మిల్లీలీటరు, చర్మం కింద వేయాలి. బరువు కళ్లతో అంచనా వేయకుండా తూకం వేస్తే మంచిది. డోసు తగ్గితే జబ్బు మొండికేస్తుంది. పాలిచ్చేవి, చూలువి, త్వరలో అమ్మాలనుకునేవి ఏవో డాక్టర్‌కు ముందే చెప్పండి. మందు వాడాక కొంతకాలం పాలు, మాంసం వాడకూడదు, ఎన్ని రోజులో సీసా మీద ఉంటుంది. వేసిన మర్నాటికే దురద పోదు, పురుగులు చచ్చినా చర్మం మంట చల్లారడానికి సమయం పడుతుంది.

ఇంజన్ ఆయిల్ మాత్రం ఇకపై పూయకండి. మేక నాకితే అందులోని విషపదార్థాలు కడుపులోకి పోతాయి, పుండు మీద మంట ఎక్కువవుతుంది. గట్టి పక్కులను గోరువెచ్చని సబ్బునీటితో నానబెట్టి మెల్లగా తీసి, కాల్చేయండి.

పాకను మర్చిపోవద్దు. పురుగులు మేక ఒంటి మీద నుంచి రాలాక కూడా కొన్ని రోజులు బతుకుతాయి. డోసు వేసిన రోజే కింద పరిచిన గడ్డి తీసి కాల్చండి, మేకలు రుద్దుకునే గోడలు, గుంజలు కడగండి, పలుపుతాళ్లను మరిగే నీళ్లలో వేయండి. కొత్తగా కొన్న మేకను మూడు వారాలు వేరుగా కట్టాకే మందలో కలపండి.

మీ చేతుల దురద కూడా వీటి నుంచే వచ్చి ఉండొచ్చు. మేకల గజ్జి పురుగు మనిషి ఒంటి మీద ఎక్కువ కాలం నిలవదు, మంద బాగుపడితే సాధారణంగా అదీ తగ్గుతుంది. అప్పటిదాకా చేతి తొడుగులు వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో ఉతకండి. రెండు వారాలకూ తగ్గకపోయినా, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద ఉన్నా, ఇంట్లో మిగతావాళ్లకూ మొదలైనా అది మనుషుల గజ్జి కావొచ్చు. చర్మ వైద్యుడికి చూపించుకోండి. మేకల మందు మాత్రం మీరు వాడకండి.