రాత్రికి రాత్రి రోడ్డు తవ్వొచ్చా?

ప్రశ్న: చెన్నై కొళత్తూరులో మా ఇంటికి కొత్త మురుగు కనెక్షన్ కావాలి. పర్మిషన్ అక్కర్లేదు, రాత్రికి తవ్వేద్దామంటున్నాడు ప్లంబరు. నిజమేనా?

జవాబు: కాదండీ. చీకట్లో గడ్డపార తగిలేది కరెంటు కేబులుకే! కనెక్షన్‌కు మెట్రోవాటర్‌లో (చెన్నై నీటి, మురుగు బోర్డు) అప్లై చేయాలి; రోడ్డు కార్పొరేషన్‌ది కాబట్టి రోడ్ కట్ అనుమతీ ఉండాలి. ఛార్జీ పొడవు, వెడల్పు, రోడ్డు తారుదా సిమెంటుదా అన్నదాన్ని బట్టి. ఇంటి గోడ నుంచి మ్యాన్‌హోల్ దాకా టేపుతో కొలిచే రాయండి, ఉజ్జాయింపు లెక్క తనిఖీలో తేలిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వేళ తవ్వకాలు సాధారణంగా ఆపేస్తారు; సెప్టెంబరులోపే కదలండి.

అసలు గొడవ పూడ్చడంలో. మట్టంతా ఒకేసారి తోసేస్తే అడుగున బోలు మిగిలి మొదటి వానకే కుంగుతుంది. 15 సెంటీమీటర్ల పొరలుగా వేయించి, ప్రతి పొరా తడిపి దిమ్మిస కొట్టించండి.